పన్నెండో అతుకు

మా మావయ్యగారు పోయి నెల దాటింది. ఆ రోజు పొద్దున్న నేను చెక్క తిప్పే లేతు మీద పనిలో ఉన్నాను. వేప చెక్క, మధ్యలో ముడి ఉంది. ఉలి ఆ ముడికి తగిలి కీచుమంది. ఉలి అలా కూసినప్పుడల్లా వసారాలోని నవారు మంచం మీంచి ఒక మాట రావాలి: "అమ్మాయ్, చెక్క ఏదో చెప్తంది, విను." ఇరవయ్యేళ్లకు పైగా వస్తున్న మాట అది. ఆ రోజు రాలేదు. స్విచ్చి కట్టేసి, చెక్క తిరగడం ఆగేలోపే వసారాలోకి వెళ్లాను. ఆయన కళ్లు మూసుకుని, తల లేతు వైపు తిప్పుకుని పడుకుని ఉన్నారు. సాసర్లో టీ ఇంకా గోరువెచ్చగానే ఉంది. మా ఆయన రైల్వే డ్యూటీ నుంచి రావడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా చీర నిండా ఉన్న వేప పొట్టు దులుపుకోవాలని కూడా తోచలేదు.

ఆయన మీలో ఎవరికీ తెలిసి ఉండరు. నరసాపురం చుట్టుపక్కల వాళ్లయితే మీ ఇంట్లో పాత పందిరి మంచానికి ఆయన తిప్పిన కోళ్లు ఉండొచ్చు, మీ అమ్మగారి చేతిలో ఆయన చేసిన కవ్వం తిరిగి ఉండొచ్చు. అంతకు మించి ఆయనకు పేరు లేదు, కావాలని అనుకున్నట్టు కూడా ఎప్పుడూ కనపడలేదు. మేమంతా లేతు అనే మిషన్ని ఆయన చివరిదాకా తరిమెన అనే అన్నారు. కుర్రతనంలో ఒకరు తాడు లాగుతుంటే ఒకరు ఉలి పట్టేవారట. తర్వాత మోటారు వచ్చింది, పేరు మాత్రం మారలేదు. కోళ్లూ, కవ్వాలూ, చపాతీ కర్రలూ, మెట్ల కమ్మీ కర్రలూ పూటకి తిండి పెట్టేవి. ఆయన ప్రాణం మాత్రం గిన్నెల మీద ఉండేది. "కోళ్లు కడుపుకి, గిన్నెలు కంటికి" అనేవారు.

గిన్నె అంటే ఆయన లెక్కలో ఒకటే, ఏకాండీ గిన్నె. మధ్యలో అతుకు లేని గుడ్డని ఏకాండీ అంటారు కదా, ఆయన ఆ మాటని చెక్కకి తెచ్చుకున్నారు. ఒకే దుంగ తీసుకుని, దాని పొట్ట తొలిచి, ముప్పాతిక భాగం పొట్టుగా రాలిపోయాక మిగిలేది ఏకాండీ గిన్నె. చెక్క ఏమిటో తెలియకపోతే చిటికెడు పొట్టు నాలుక మీద వేసుకునేవారు. నేరేడు వగరు, పనస కొంచెం తీపి, వేప సంగతి చెప్పక్కర్లేదు. నేను కొత్తలో నమ్మకంగా అడిగాను, "అన్నీ రుచి చూడాలాండి?" అని. "వేప ఒక్కటి చూడు చాలు, మిగతావన్నీ నచ్చేత్తాయి" అన్నారు. గిన్నె తరిమెన మీంచి దిగాక చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో ఒకసారి తట్టేవారు. లోపల కంటికి కనపడని బీట ఉంటే చప్పుడు మొద్దుగా వచ్చేది. లేకపోతే గిన్నె పలికేది. పలికిన గిన్నెనే ఇంట్లోంచి బయటికి పంపేవారు.

నేను మొగల్తూరు పిల్లని. మా అమ్మ లేసులో అతుకుపని చేసేది. మా వైపు లేసు ఒక చేతి మీద తయారవదు. ఒక ఊళ్లో ఆడవాళ్లు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. ఇంకో ఊళ్లో ఆడవాళ్లు ఆ పువ్వుల్ని పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి కలిపి బల్లగుడ్డో దుప్పటో చేస్తారు, అది అతుకుపని. నేను బడికి వెళ్లే రోజుల నుంచే అమ్మ పక్కన కూర్చుని అతికేదాన్ని. పువ్వులన్నీ ఒక్క చేతివి కావు. ఒకరిది బిగువు, ఒకరిది వదులు. ఎక్కడా ముడత రాకుండా గుడ్డ నేల మీద పరుచుకోవాలి. "మొదటి పువ్వు ఎవరైనా అతుకుతారే. చివరి పువ్వు దగ్గర తెలుత్తాది పనితనం" అనేది అమ్మ.

మా అత్తగారిని నేను చూడలేదు. నా పెళ్లికి మూడేళ్ల ముందే పోయారు. ఆవిడది చేతిపని. పెరట్లో గంగరావి చెట్టు కింద పీట వేసుకుని పువ్వులు అల్లేవారట. గంగరావి పూలు పొద్దున్న పసుపుగా విచ్చుకుని, సాయంత్రానికి ఎర్రబడి రాలిపోతాయి. రోజూ సాయంత్రం ఆవిడ ఒడిలో తెల్ల దారం పువ్వులూ ఎర్ర గంగరావి పూలూ కలిసి ఉండేవని మావయ్యగారు చెప్పేవారు. చెప్పేటప్పుడు గొంతులో ఏ మార్పూ ఉండేది కాదు. చేతిలో ఉలి మాత్రం ఆగేది.

నేను కాపురానికి వచ్చిన ఏడాది తుఫానుకు ఆ చెట్టు పడిపోయింది. కోస్తే లోపలంతా డొల్ల. మొదలు దగ్గర ఒక్క చోట, బాగా చాచిన రెండు జానల ముక్క గట్టిగా మిగిలింది. దాన్ని ఆయన తరిమెనకెక్కించి, మందంగా గిన్నె ఆకారం తెచ్చి, ఊక నింపిన పెద్ద కాగులో పూడ్చిపెట్టారు. పచ్చి చెక్క అలా నెమ్మదిగా నీడలో ఆరాలట. ఆరాక మళ్లీ ఎక్కించి పల్చగా దింపాలి. "ఎన్నాళ్లు పడుతుందండి?" అని అడిగాను. "దానిష్టం. మనం వెయిట్ చేద్దాం" అన్నారు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి ఇది.

సముద్రం ఒడ్డు ఊళ్లో పుట్టినదాన్ని. మా పుట్టింట్లో ఎండబెట్టని వస్తువు లేదు. చేపలు, రొయ్యలు, మిరపకాయలు, మామిడి ఒరుగులు, ఆఖరికి వానకు తడిసిన బడి పుస్తకాలు కూడా. తేమ తగిలితే పాడవుతుంది, ఎండ తగిలితే నిలుస్తుంది, అంతే నాకు తెలిసింది. మరుసటి వేసవిలో డాబా మీద వడియాలు పెట్టి దిగి వస్తూ, ఊక కోసం కాగులో చెయ్యి పెట్టాను. గిన్నె చేతికి తగిలింది. తీసి చూస్తే ఒంటినిండా బూజు. అత్తయ్యగారి చెట్టు, కుళ్లిపోతోంది, మగవాళ్లకి ఇవేం పట్టవు అనుకుని శుభ్రంగా తుడిచి, డాబా ఎక్కి వడియాల పక్కన ఎండలో పెట్టాను. మంచి పని చేశానని సంతోషం కూడా. మధ్యాహ్నం రెండింటికి పైనుంచి టపాకాయ పేలినట్టు ఒక చప్పుడు వినపడింది. కాసేపటికి ఇంకొకటి. నేను వెళ్లేసరికి గిన్నె నాలుగు ముక్కలై పడి ఉంది.

ఆయన పాలకొల్లులో మంచం కోళ్లు ఇచ్చి సాయంత్రానికి వచ్చారు. నేను ఏడుస్తూ ముక్కలు చూపించాను. ఆయన ఒక ముక్క చేతిలోకి తీసుకుని, పగిలిన అంచు మీద బొటనవేలు రాసి, కింద పెట్టారు. తర్వాత నా వైపు చూసి, "వడియాలు ఆరాయా అమ్మా?" అన్నారు.

"ఆరాయండి" అన్నాను.

"మంచిదే. ఆ ముక్కలు పొయ్యిలోకి పనికొత్తాయిలే."

అంతే. తిట్టలేదు. ఒక్క మాట తిట్టి ఉంటే నేను ఏడ్చి, కాళ్ల మీద పడి, ఆయన లేపి, ఏదో ఒక క్షమాపణ జరిగిపోయేది. తిట్టని మనిషిని క్షమించమని ఎలా అడుగుతాం? ఆ రాత్రికి ఆ ముక్కలు పొయ్యిలో పెట్టలేక, అమ్మ ఇచ్చిన లేసు సంచీలో వేసి అటక మీద దాచాను.

ఆ తర్వాత నెలకి వెళ్లి అడిగాను, "నాకు తరిమెన నేర్పుతారాండి?" అని. మా ఆయన నవ్వారు. ఆయనకు రైలు చప్పుడు తప్ప వేరే చప్పుడు పడదు, లేతు జోలికి ఎప్పుడూ వెళ్లలేదు. మావయ్యగారు నవ్వలేదు. "కొంగు దోపుకో, జడ ముడేసుకో, ఇటు నిలబడు" అన్నారు. మా పాఠాలన్నీ మధ్యాహ్నాలే. రేకుల కప్పు చిల్లుల్లోంచి ఎండ సన్నటి కర్రల్లా దిగేది. పొట్టు ఆ వెలుతురులోకి లేచి, తొందరేమీ లేనట్టు తేలుతూ ఉండేది. మోటారు రొద చెవికి అలవాటైపోయాక అది నిశ్శబ్దంలాగే అనిపించేది. పచ్చి పనస మీద ఉలి సరిగ్గా కూర్చుంటే చెక్క పొడవాటి రిబ్బన్లుగా ఊడి, మోచేతి మీంచి జారి, మా పాదాల చుట్టూ పోగయ్యేది. కొన్నిసార్లు ఉలి నేను పట్టుకున్నానో, ఆయన పట్టుకున్నారో తెలిసేది కాదు. అలాంటి మధ్యాహ్నాలు ఎన్ని గడిచాయో నేను చెప్పలేను.

ఏకాండీ గిన్నెలు చెయ్యడం వచ్చింది. ఆరేళ్లు పట్టింది. ఏకాండీ గిన్నె ఆరాక ఎప్పుడూ గుండ్రంగా ఉండదు, కాస్త కోలగా సాగుతుంది. నాకు అది తప్పులా కనిపించేది. ఆయన మాత్రం, "గుండ్రంగా చేసేవరకే మనం. ఆ తర్వాత ఎలా ఉండాలో అది చూసుకుంటాది. చెట్టు చచ్చినా చెక్క ఊపిరి పీలుత్తానే ఉంటాది" అనేవారు.

ఫోన్లో ఒక వీడియో చూశాక అటక మీది సంచీ గుర్తొచ్చింది. ఎక్కడో ఎవరో చిన్న చిన్న చెక్క ముక్కల్ని ఏటవాలుగా కోసి, వలయంగా అతికి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ పేర్పుని లేతు మీద గిన్నెగా తిప్పుతున్నారు. నాకు అమ్మ ఒడిలో లేసు కనిపించింది. గంగరావి ముక్కల్ని కోశాను. సరిపోలేదు. పనస ముక్కలు జతచేశాను. ఒక వలయానికి పన్నెండు ముక్కలు, ఒకటి గంగరావి, ఒకటి పనస. ఒకటి ముదురు, ఒకటి పసుపు. జిగురు పూసి, పాత సైకిలు ట్యూబు కోసి చుట్టూ బిగించి కట్టాను. పదకొండు ముక్కలు చక్కగా కలిశాయి. ఒక్కో ముక్క ఏటవాలులో వెంట్రుకవాసి తేడా ఉంటే అవన్నీ కలిసి చివరికి తేలతాయని నాకు అప్పటికి తెలియదు. పై వలయంలో పన్నెండో ముక్క దగ్గర సన్నటి సందు మిగిలింది. అమ్మ మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ సందులో పొట్టూ జిగురూ కలిపి నింపాను.

గిన్నె దిగాక తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఏ చెక్కో చెప్పలేదు. ఆయన గిన్నెకి అంటుకున్న పొట్టు చిటికెడు నాలుక మీద వేసుకున్నారు. ఆ తర్వాత గోటితో అంచు మీద నెమ్మదిగా గీస్తూ వెళ్లి, పన్నెండో ముక్క దగ్గర ఆగారు.

"ఇదిగో, ఇక్కడ."

"అవునండి. అక్కడ కొంచెం..."

"ఇది గిన్నె కాదమ్మా, అతుకు. వానాకాలం రానీ. గంగరావి ఒకలా ఉబ్బుతాది, పనస ఒకలా ఉబ్బుతాది. రెండూ చెరోవైపు లాగితే నీ జిగురు ఏం చేత్తాది పాపం?"

నాకు కోపం వచ్చింది. ఆయన ముందు గొంతు లేపింది ఆ ఒక్కసారే. "అత్తయ్యగారి పువ్వులు మాత్రం ఎవరో ఒకరు అతికితేనే కదండీ గుడ్డయింది? అతక్కపోతే అవి సంచీలో పువ్వులేగా!"

ఆయన గిన్నెని తట్టలేదు. చెవి దగ్గర పెట్టుకోలేదు. అలాగే పట్టుకుని పెరట్లో ఒకప్పుడు చెట్టు ఉన్న చోటు వైపు చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి, "మీ అత్త పువ్వుల్ని మీ అమ్మే అతికిందేమో, ఎవరికి తెలుసు" అన్నారు. ఆ మాటకి నా కోపం ఎటు పోయిందో తెలియదు.

అయినా పేరు మాత్రం మారలేదు. ఇంట్లో ఆ గిన్నె పేరు అతుకు. "అతుకులో వెల్లుల్లిపాయలు ఉన్నాయి చూడు", "అతుకు ఎక్కడ పెట్టావు" అని మా ఆయన కూడా అలాగే అనేవారు. ఏటా వానలు వెళ్లి కార్తీకం వచ్చాక మావయ్యగారు దాన్ని తెప్పించుకునేవారు. అంచు మీద గోరు పెట్టి గీసుకుంటూ వెళ్లేవారు. గోరుకి ఎక్కడా అడ్డు తగిలేది కాదు. పన్నెండో ముక్క దగ్గరికి రాగానే ఆగి, "ఇదిగో, ఇక్కడ" అనేవారు. "ఇంకా విడలేదు కదండీ" అనేదాన్ని నేను. "వచ్చే ఏడు చూద్దాం" అనేవారు ఆయన. ప్రతి ఏడూ ఇదే మాట. నేను మాత్రం ప్రతి ఏడూ ఆయన దాన్ని ఒక్కసారి గిన్నె అంటారేమోనని చూసేదాన్ని. ఆయన గిన్నె అంటే ఆ ఎండలో పగిలింది కూడా కలిసిపోయినట్టని నా లోపల ఎక్కడో ఉండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, దానికోసమే బతికానా అనిపించిన రోజులున్నాయి.

కిందటి కార్తీకానికి ఆయన చూపు బాగా మందగించింది. తరిమెన దగ్గరికి రావడం మానేసి, వసారాలోంచి చప్పుడు విని చెప్పేవారు. కొన్ని పూటలు నన్ను మా అత్తగారి పేరుతో పిలిచేవారు. అలాంటి ఒక సాయంత్రం, "అది ఇలా ఇవ్వమ్మా" అన్నారు. అతుకు అనలేదు, అది అన్నారు. ఒడిలో పెట్టాను. గోరు అంచు మీద బయల్దేరింది. ముదురు ముక్క, పసుపు ముక్క, ముదురు, పసుపు. పన్నెండో ముక్క దాటిపోయింది. గోరు ఇంకో చుట్టు తిరిగింది. మళ్లీ దాటిపోయింది.

"దొరకట్లేదే" అన్నారు.

వెంట్రుకవాసి బీటని వేలితో పట్టే మనిషి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వేళ్లు కూడా పోయాయి అనుకున్నాను. ఆయన చూపుడువేలు పట్టుకుని తీసుకెళ్లి ఆ చోట పెట్టాను.

"ఇక్కడండి మావయ్యగారూ."

"ఎక్కడ?"

"ఇక్కడ. పన్నెండోది."

"లేదమ్మా. నీ భ్రమ."

మతిమరుపు నన్ను క్షమించిందనుకున్నాను. పగిలిందన్న సంగతే మర్చిపోయిన మనిషి దగ్గర నేను పొందింది క్షమ ఎలా అవుతుందని మనసు అప్పటికే తగువు మొదలుపెట్టింది. అప్పుడు ఆయన దాన్ని చెవి దగ్గరికి తీసుకుని, వేలి కణుపుతో ఒకసారి తట్టారు. విన్నారు. నా చేతికి ఇస్తూ అన్నారు:

"గిన్నె లోపల పెట్టమ్మా. ఎండలో పెట్టకు."

మొహంలో నవ్వు లేదు. నేను వంటింట్లోకి వెళ్లి, గిన్నె గుండెలకి పట్టుకుని, నవ్వుతూ ఏడ్చాను.

అస్థికలు కలపడానికి రేవుకి వెళ్లిన రోజు నేనూ వెళ్తానన్నాను. ఆడవాళ్లెందుకని ఎవరో అన్నారు. "రానివ్వండి, ఆవిడ మా నాన్న శిష్యురాలు" అన్నారు మా ఆయన. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. కడియం బంతిపూలు ఆ గిన్నెలో పోసుకుని ఒడిలో పెట్టుకున్నాను. పొద్దుటి పోటు ఎక్కుతోంది. సముద్రం నీళ్లు నదిలోకి తోసుకొస్తుంటే గోదావరి వెనక్కి నడుస్తున్నట్టు ఉంది. అవతలి గట్టు మంచులో కనపడటం లేదు. మా ఆయన కుండ ఒంపారు. నేను పూలు నీళ్ల మీద వదిలి, గిన్నెని పక్కన మెట్టు మీద పెట్టి దండం పెట్టుకున్నాను. అవతలి నుంచి మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు వస్తోంది. దాని అల మెట్టెక్కి గిన్నెని తీసుకుపోయింది.

మా ఆయన పంచె ఎగ్గట్టి నీళ్లలో దిగబోయారు. "ఉండండి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. గిన్నె పూల మధ్య నుంచి ముందుకు వెళ్లి, సుడి దగ్గర తిరగడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, ముదురు, పసుపు, ముదురు, పసుపు. తర్వాత కాస్త వేగం. తరిమెన మీద లాగే రంగులు రెండూ కలిసిపోయి తేనెరంగు ఒకటే మిగిలింది. ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో తెలియలేదు. ఉలి పట్టుకున్న ఆయన మోచెయ్యి నా మోచేతికి తగిలినట్టయింది.

పంటు వెళ్లిపోయింది. పోటు నీళ్లు గిన్నెని నెమ్మదిగా నెట్టుకుంటూ తెచ్చి, నా కాళ్ల దగ్గర మెట్టుకి ఆనించాయి. అతుకుల్లోంచి నీళ్లు దిగాయేమోనని వంగి చూశాను. లోపల అడుగున నాలుగు బంతి రేకులు అతుక్కుని ఉన్నాయి. పొడిగా ఉన్నాయి.